ఆఖరి చెయ్యి

మా తమ్ముడు ఎర్కోలె పనిశాలలో ఒక ఆచారం ఉంది. బొమ్మ ఎవరు మొదలుపెట్టినా, ఎవరు చెమటోడ్చినా, గడప దాటే ముందు దాని మీద ఎర్కోలె కుంచె ఒక్కసారైనా పడాలి. దాన్ని ఆఖరి చెయ్యి అంటారు. శిష్యుడు మేరీమాత నీలి ముసుగు మడతలు వేసి వేసి నడుం పడిపోయి ఉంటాడు. మావాడు తీరిగ్గా వచ్చి, ఆ తల్లి కంట్లో ఒక తెల్ల చుక్క పెట్టి వెళ్ళిపోతాడు. దాంతో ఆ బొమ్మ ఎర్కోలె రొందెల్లిది అయిపోతుంది. బొలోన్యాలో ఏ పనిశాలలోనైనా ఇంతే, మా నాన్న పనిశాలలోనూ ఇంతే. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి నాకెప్పుడూ తప్పనిపించలేదు. ఇప్పోలిత బొమ్మ విషయంలోనే మొదటిసారి అనిపించింది.

ఇప్పోలిత ఎర్కోలె కూతురు. నా మొగుడు పోయి నేను తమ్ముడింటికి చేరేసరికి మరదలు పురిట్లోనే కన్నుమూసింది, పిల్ల ఉయ్యాల్లో ఉంది. నేనే పెంచాను. పనిశాలలో రంగులు నూరే బండ పక్కనే పాకింది, అక్కడే నడిచింది. వద్దని ఎవరూ అనకపోవడంతో కుంచె కూడా పట్టింది. గుడి బొమ్మల పని ఎక్కువైనప్పుడు దేవదూతల మొహాలు తనే వేసేది. ఎర్కోలెకి ఈ వయసులో మళ్ళీ పడుచుదనం వచ్చిందని ఊరంతా మెచ్చుకుంటే, మావాడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఆ మెప్పంతా మూట కట్టుకున్నాడు. పిల్ల మాత్రం ఏమీ అనేది కాదు. అనకపోవడం వేరు, మర్చిపోవడం వేరు అని నాకు తెలుసు, వాడికి తెలీదు.

అలాంటప్పుడు ఇమొలా నుంచి సంబంధం వచ్చింది. గోధుమల వ్యాపారి అన్నీబలె గారి అబ్బాయి ఫ్లమీనియో. ఇప్పోలిత సరేనంది కానీ ఒక షరతు పెట్టింది. అత్తవారింట్లో తనకు రోజంతా ఒకేలా ఉండే ఉత్తరపు వెలుగు పడే గది ఒకటి కావాలి, అందులో తను బొమ్మలు వేసుకుంటుంది, వేసిన ప్రతి బొమ్మ మీదా తన పేరే ఉంటుంది. అన్నీబలె గారు విని నవ్వలేదు, అదొకటి ఆయనలో నాకు నచ్చింది.

"పిల్ల నిజంగా వేసేదే అయితే గది ఇస్తాను. మాట అంటే మాటే," అన్నారు. "కానీ వేస్తుందని నేనెలా నమ్మేది? పెళ్ళి కోసం తల్లిదండ్రులు చెప్పని అబద్ధం ఉంటుందా? తన బొమ్మ తనే వేసి చూపించమనండి. చేతిలో వాద్యం ఉండాలి, మా హాల్లో గోడకి పెట్టుకునేది మరి. అది ఆవిడ వేసిందేనని తేలితే గది, పేరు, అన్నీ ఆవిడవే. తేలకపోతే కోడలు వచ్చి అందరి కోడళ్ళలాగే ఉంటుంది. మా ఇంట్లో పెద్ద వంటిల్లుంది, పరుపు దుప్పట్లు చాలానే ఉన్నాయి."

ఆయన వెళ్ళాక ఇప్పోలిత నాతో అంది, "ఇది నాదని తేలకపోతే నేనింక జన్మలో కుంచె ముట్టనత్తా. ఎవరివో దుప్పట్లు లెక్కపెట్టుకుంటూ పోతాను."

అలా మొదలైంది ఆ బొమ్మ. వెనీసు నుంచి వచ్చిన అద్దం ఒకటి మా ఇంట్లో ఉంది, అంచుల్లో మచ్చలు పడ్డది. దాని ముందు కూర్చుని ఇప్పోలిత ల్యూట్ అనే తీగల వాద్యాన్ని ఒళ్ళోకి తీసుకునేది. ఒక చేత్తో దాని మెడ మీద తంతులు నొక్కి పట్టి, రెండో చేత్తో మీటుతున్నట్టు పెట్టి అద్దంలో చూసుకునేది. తర్వాత ల్యూట్ పక్కన పెట్టి, చూసింది మర్చిపోయేలోగా గుడ్డ మీద వేసేది. మళ్ళీ ల్యూట్, మళ్ళీ కుంచె. నన్ను కూడా వెనక నిలబెట్టింది. పెళ్ళికూతురి వెనక ఒక పెద్దముత్తైదువ ఉంటే పద్ధతిగా ఉంటుందట. నేను ముత్తైదువని కాననీ, నిలబడితే మోకాళ్ళు పీకుతాయనీ చెప్పినా వినలేదు.

"కదలకత్తా."

"కదలడం లేదే. ఊపిరి పీలుస్తున్నాను. అదీ మానెయ్యమంటావా?"

"గడ్డం కొంచెం ఎత్తు."

"ఎత్తితే పులిపిరి కనబడుతుంది."

"కనబడాలనే."

"నా పెళ్ళిచూపులా ఇవి? ఆ ఇమొలా వాళ్ళకి నా పులిపిరెందుకు?"

"నువ్వు నిజంగా ఉన్నావని తెలియడానికి," అంది, కుంచె ఆపకుండానే. గడ్డం ఎత్తాను.

బొమ్మ పూర్తయ్యే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఎర్కోలె వచ్చి చూశాడు. మొహం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కూతురి పనితనానికి లోపల పొంగిపోయే ఉంటాడు, కానీ మా వంశంలో మగవాళ్ళకి అది నోటి దాకా రాదు. చూపు కిందికి దిగాక అతని కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేంటి, ల్యూట్ తిరగబడింది?"

"అద్దంలో అలాగే ఉంది నాన్నా."

"అద్దంలో అలాగే ఉంటుందమ్మా. వేసేటప్పుడు మనం తిప్పి వేసుకోవాలి. నిన్న చేరిన శిష్యుడికి కూడా తెలుసు. చూడు, ఎడమచేత్తో మీటుతున్నట్టుంది. ఇమొలా వాళ్ళు పుర్రచేతి పిల్ల అనుకుంటారు. సైతాను చెయ్యి అనే వాళ్ళూ ఉంటారు."

"పైన ఏం రాశానో చదివావా?"

బొమ్మ పైమూలలో చిన్న అక్షరాలతో రాసుకుంది. ఎర్కోలె కూతురు ఇప్పోలిత, అద్దంలో చూసి తన రూపం తానే వేసుకున్నది, అని.

"అద్దంలో చూసి అని రాసి, అద్దంలో లేనిది వెయ్యమంటావా?" అంది. "నన్ను ఇంకొకరు ఎదురుగా కూర్చుని వేస్తే ల్యూట్ నువ్వు చెప్పినట్టే ఉంటుంది. ఇలా ఉండేది నేను వేసుకుంటేనే. దీనికి ఆఖరి చెయ్యి వద్దు నాన్నా. మాటివ్వు."

"పద్ధతి అంటూ ఒకటి ఉంటుందిగా," అని మావాడు నీళ్ళు నమిలాడు. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. ఇద్దరూ తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. నేను మధ్యలో దూరలేదు.

వేసవంతా బొమ్మని ఎండ తగిలే గోడ దగ్గర పెట్టి ఆరనిచ్చాం. గట్టిపడ్డాక ఇప్పోలిత దాని మీద వార్నిష్ పూసింది. అన్నీబలె గారు వచ్చే రోజు దగ్గరపడుతుండగా మఠంలో ఉన్న మా చెల్లెలికి జ్వరమని కబురొచ్చింది. నేనూ పిల్లా వెళ్ళి, దాని జ్వరం తగ్గేదాకా ఉండి, సరిగ్గా చుట్టాలొచ్చే రోజు ఉదయానికి ఇల్లు చేరుకున్నాం. బొమ్మ మీద తెల్ల గుడ్డ కప్పి ఉంది. ఎర్కోలె దాని ముందు కాపలావాడిలా నిలబడి ఉన్నాడు.

"ఇంకో పూత వార్నిష్ వేశాను. తడి ఆరలేదు. వాళ్ళొచ్చేదాకా ఎవరూ గుడ్డ తియ్యకండి."

"మంచి పని చేశావు నాన్నా," అంది పిచ్చిపిల్ల. నాకూ అనుమానం రాలేదు. పొయ్యి మీద కోడిరసం మరుగుతోంది, మాంసం కూరి చుట్టాల్సిన తొర్తెల్లీలు ఇంకా సగం కూడా కాలేదు. వంటింట్లో పని పెట్టుకున్న ఆడదానికి ప్రపంచం కనపడదు.

అన్నీబలె గారు, ఫ్లమీనియో వచ్చారు. వాళ్ళతో పాటు లత్తాన్సియో పాదిరిగారు కూడా దిగారు. ఈయన పెద్దగుడిలో పాదిరి. ఊళ్ళో ఎవరి గోడ మీద ఏ బొమ్మ ఉన్నా వచ్చి, ఇది ఫలానావాడి పని అని చెప్పి భోంచేసి వెళ్ళే మనిషి. కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఎవరూ అడగరు. అన్నీబలె గారే ఆయన్ని తీర్పు చెప్పడానికి వెంటపెట్టుకొచ్చారట.

"ముందు బొమ్మ, తర్వాత భోజనం," అన్నారు అన్నీబలె గారు. కోడిరసం వాసనకి ముక్కు ఎగబీలుస్తున్న ఫ్లమీనియో మొహం పాపం కాస్త వాడింది. ఇప్పోలిత ఎర్రపట్టు గౌనులో వచ్చి నిలబడింది. ఎర్కోలె గుడ్డ తీశాడు.

మొదట నేను నన్ను వెతుక్కున్నాను. అబద్ధం ఎందుకు, ఎవరైనా అంతే. పెళ్ళికూతురి వెనక ఒక పెద్దావిడ ఉంది. గడ్డం నున్నగా పాలమీగడలా ఉంది, పులిపిరి లేదు. ఎవరీవిడ అనుకున్నాను. అప్పుడు కిందికి చూశాను. ల్యూట్ తిరిగి ఉంది. మెడ ఇవతలి నుంచి అవతలికి పోయింది, కుడిచెయ్యి పద్ధతిగా తీగల మీదికొచ్చింది. మేం మఠంలో ఉన్న రోజుల్లో ఎర్కోలె రాత్రులు పడుకోకుండా పనిచేసి, ల్యూట్‌నీ చేతుల్నీ గౌను చేతుల్నీ కొత్తగా వేసి పెట్టాడు. ఇప్పోలిత మొహంలో రక్తం లేదు.

పాదిరిగారు బొమ్మ దగ్గరికి వంగి, వాసన చూస్తున్నట్టు ముక్కు పెట్టి పరీక్షించారు.

"ఆహా, ఈ చేతులు చూడండి. గోళ్ళ మీద ఈ వెలుగు, తీగ మీద వేలు ఆనిన చోట ఈ చిన్న నీడ. ఇలా వేసేవాడు బొలోన్యాలో ఒక్కడే ఉన్నాడు. ఎర్కోలె గారూ, మీ చెయ్యి నేను చీకట్లో కూడా పట్టేస్తాను."

ఆ తర్వాత పైమూల అక్షరాలు చదివి, చిన్నగా నవ్వారు.

"అద్దంలో చూసి వేసుకుందట. అన్నీబలె గారూ, మీరే ఆలోచించండి. అద్దంలో కుడి ఎడమవుతుంది. నిజంగా అద్దంలో చూసి వేసుంటే ఈ ల్యూట్ మెడ అటు తిరగాలి, ఎడమచేత్తో మీటుతున్నట్టుండాలి. ఇది సరిగ్గా ఉంది. అంటే అమ్మాయి కూర్చుంది, ఎదురుగా ఇంకొకరు నిలబడి వేశారు. ఆ ఇంకొకరెవరో నేను చెప్పక్కర్లేదు."

అన్నీబలె గారు ఎర్కోలె వైపు తిరిగారు. "మీరు వేశారా?"

"ఆఖరి చెయ్యి... మా పనిశాల ఆచారం... అంతేనండి. మొహం దానిదే. అంతా దానిదే," అన్నాడు మావాడు. మాట తడబడింది. నిజం చెబుతున్నవాడు కూడా దొంగలా కనబడే క్షణం ఒకటి ఉంటుంది, అది అప్పుడు చూశాను.

"అంతా ఆవిడదే అయితే ఈ చేతులు?"

ఎర్కోలె కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"పోనీలెండి," అన్నారు అన్నీబలె గారు, కోపం లేకుండానే. "తండ్రి ప్రేమ నాకు తెలియనిదా. పెళ్ళికేం అడ్డం లేదు. అమ్మాయి ల్యూట్ వాయిస్తుంది, అది చాలు. గది మాటొక్కటి ఇంక వదిలేద్దాం."

"అత్తా," అంది ఇప్పోలిత. గొంతు పెద్దది చెయ్యలేదు. "టర్పెంటైన్ సీసా, ఒక పాత గుడ్డా తీసుకురా."

"అక్కా, కూర్చో," అన్నాడు ఎర్కోలె.

నేను లేచాను. వాడు నా తమ్ముడు, ఈ ఇల్లు వాడిది, నేను వాడి తిండి తింటున్నాను. ఇవన్నీ నాకు పనిశాల గుమ్మం దాకా గుర్తున్నాయి. తిరిగి వచ్చేటప్పుడు సీసా ఒక్కటే గుర్తుంది.

ఇప్పోలిత గుడ్డ తడిపి, తండ్రి వేసిన కుడిచేతి మీద పెట్టి రుద్దింది. తడి ఆరని రంగు గోధుమరంగు పులుసులా జారి కిందికి కారింది. పాదిరిగారు రెండడుగులు వెనక్కి వేశారు, ఆయన అంగీ మంచిది మరి.

"ఆపు తల్లీ," అన్నాడు ఎర్కోలె. "కింద ఉన్న నీ రంగు కూడా లేచిపోతుంది."

"పోతే పోనీ."

"నెలల తరబడి కష్టపడ్డావు."

"అందుకే. నీది మిగిలి నాది పోవడం కన్నా రెండూ పోవడం నయం."

"నీ మంచికే చేశానే."

"తెలుసు నాన్నా. నా మంచికి చేస్తే నాకు చెప్పి చేసేవాడివి. గుడ్డ కప్పేవాడివి కాదు."

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఎర్కోలె వేసిన ఆ చేతులు చాలా బాగున్నాయి. ఈ మధ్య వాడు వేసినవాటిలో అంత ప్రాణం పోసినవి లేవు. కూతురు వెళ్ళిపోతోందని ఎవరికీ చెప్పుకోలేక, ఆ వేళ్ళలో పెట్టినట్టున్నాడు. అవి ఒక్కొక్కటే కరిగి గుడ్డకి అంటుకుంటుంటే నా గుండె కలుక్కుమంది. అయినా ఆ పిల్ల చెయ్యి ఆగలేదు, ఆగకూడదనే నేనూ కోరుకున్నాను.

ముందు అటువైపు ల్యూట్ మెడ పైకి తేలింది. తర్వాత తంతులు బిగించే మరలు వచ్చాయి. వేసవి ఎండకి గట్టిపడ్డ తన రంగు తన వార్నిష్ కింద చెక్కుచెదరకుండా ఉంది. చివరికి చేతులు బయటపడ్డాయి. ఇవి అందమైన చేతులు కావు. చూపుడువేలి పక్కన కుంచె ఒత్తుకుని కాయ కాసి ఉంది, గోళ్ళ మూలల్లో నీలిరంగు ఇరుక్కుని ఉంది. ల్యూట్ మొత్తం తిరగబడి, మీటేది ఎడమచెయ్యిలా కనబడుతూ, అద్దంలో ఎలా ఉందో అలాగే ఉంది.

ఇప్పోలిత గోడకున్న ల్యూట్ తీసుకుని కుర్చీలో కూర్చుంది. పట్టు గౌను చేతులు రెండూ బురదలో ముంచి తీసినట్టున్నాయి.

"ఫ్లమీనియో గారూ, ఆ అద్దం కాస్త పట్టుకుంటారా?"

వాళ్ళిద్దరి మధ్య మొదటి మాట అదే. అతను గబగబా వెళ్ళి అద్దం తెచ్చి, ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకున్నాడు.

"పాదిరిగారూ, ఇప్పుడు నా వెనక నుంచి అద్దంలో చూడండి. తర్వాత బొమ్మ చూడండి."

పాదిరిగారు అద్దంలో చూశారు, బొమ్మ చూశారు, మళ్ళీ అద్దంలో చూశారు. తీర్పు ఆయనే చెప్పి ఉన్నారు, ఇప్పుడది మింగలేకా కక్కలేకా నిలబడ్డారు.

"ఎవరి చేతులు పాదిరిగారూ?" అని నేను అడిగాను. "నా వంక కాదు, బొమ్మ వంక చూసి చెప్పండి. చీకట్లో కూడా పట్టేస్తానన్నారుగా, ఇప్పుడు వెలుగు బాగానే ఉంది."

"అమ్మాయివే," అన్నారాయన.

"ఇంకొకటి మిగిలింది," అని నేను ఇప్పోలిత దగ్గర గుడ్డ లాక్కున్నాను. "ఎక్కడ రుద్దాలో చూపించు. నా పులిపిరి నాకు కావాలి."

"అలా ఉంచెయ్ అత్తా. పడుచుగా ఉన్నావు."

"ఆవిడెవరో నాకు తెలీదు. తెలీనివాళ్ళు నా జాగాలో నిలబడితే నాకు పడదు."

గడ్డం మీద రెండుసార్లు రుద్దితే పులిపిరి క్షేమంగా బయటికొచ్చింది. ఫ్లమీనియో నా గడ్డం వంకా, బొమ్మ గడ్డం వంకా చూసి ఫక్కున నవ్వాడు. ఆ రోజు మొదటిసారి ఇప్పోలిత పెదవి కొస కదిలింది.

అన్నీబలె గారు మాత్రం బొమ్మనే చూస్తూ నిలబడ్డారు. "సరే. ఒప్పుకున్నాను," అన్నారు చివరికి. "గది అమ్మాయిదే, పేరూ అమ్మాయిదే. ఒక్క చిన్న సంగతి. తేలాల్సింది తేలిపోయింది కదా, ఇప్పుడు ఆ ల్యూట్ మళ్ళీ సరిగ్గా తిప్పించండి. గోడకి పెడితే ఇమొలాలో ప్రతి చుట్టమూ మా కోడలు పుర్రచేతిదంటాడు. ఎర్కోలె గారు ముట్టుకోవద్దంటే అమ్మాయే వేసుకోనివ్వండి."

ఎడమచెయ్యి తీసి పుర్రచెయ్యి పెట్టడమంటే అదే. నా నాలిక దురద పెట్టింది కానీ, ఇప్పోలిత అప్పటికే లేచి నిలబడింది.

"చేతులు ఇలాగే ఉంటాయండి. చుట్టాలు ఏమన్నా అననివ్వండి. ఈ చేతులు మీ గోడ మీదికి పనికిరాకపోతే, ఇవి ఉన్న మనిషి మీ ఇంటికి పనికిరాదు."

వంటింట్లో రసం పొంగి పొయ్యిలో పడుతున్న చప్పుడు వినబడుతున్నా నేను కదలలేదు. అన్నీబలె గారు అలాంటి సమయంలో మగవాళ్ళందరూ చేసే పనే చేశారు, తండ్రి వైపు తిరిగారు.

"మీరు చెప్పండి ఎర్కోలె గారూ. పెద్దవారు, మీ మాట కాదంటుందా?"

ఎర్కోలె ఇందాకటి నుంచీ కిటికీ దగ్గరే ఉన్నాడు. నెమ్మదిగా వచ్చి బొమ్మ ముందు నిలబడ్డాడు. తను వేసిన చేతుల ఆనవాలు ఎక్కడైనా మిగిలిందేమోనని చూసినట్టు చూశాడు. ఏమీ మిగల్లేదు.

"మా పనిశాలలో ఒక ఆచారం ఉందండి," అన్నాడు. "ఆఖరి చెయ్యి పడ్డ బొమ్మని తర్వాత ఎవ్వరూ ముట్టుకోకూడదు. మా నాన్న హయాం నుంచీ అంతే. రాజుగారు అడిగినా అంతే."

"కానీ ఆఖరి చెయ్యి మీది కదా. మీరు ముట్టుకోవచ్చుగా?"

"నాది ఎక్కడుందండి? ఇందాక మీ ముందేగా పోయింది. దాని తర్వాత ఆ చేతుల మీద పడ్డ చెయ్యి ఎవరిదో మీరూ చూశారు."

అన్నీబలె గారు కొడుకు వైపు చూశారు. ఫ్లమీనియో ఇంకా అద్దం పట్టుకునే ఉన్నాడు.

"మన హాల్లో ఉత్తరం గోడకి బాగుంటుంది నాన్నా," అన్నాడు. "ఇలాగే."

అన్నీబలె గారు తల ఊపారు. ఎర్కోలె నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, శుభ్రంగా ఉన్న కొస వెతికి టర్పెంటైన్‌లో తడిపాడు. ఇప్పోలిత చెయ్యి పట్టుకుని, పని ముగిసిన శిష్యుడి చేతుల్ని మా నాన్న తుడిచినట్టే, ఒక్కొక్క వేలికీ అంటిన తన రంగుని తుడవడం మొదలుపెట్టాడు.